పొగ గంటలు లేని లెక్క

మీనా పేటలో లిఫ్టులు బాగుచేసే ముంజిర్‌కు తన పనితనం మీద కాస్త పొగరే. కరెంటు సగం రోజే ఉండే ట్రిపోలీలో లిఫ్టు ఎక్కేదెవరు? చేతిలో పని తగ్గింది, బుర్రలో దురద పెరిగింది. ఆరో అంతస్తులోని తన ఇంటినిండా తీగలు పరిచాడు. తలుపు తీస్తే దీపం వెలగాలి, ట్యాంకు నిండితే మోటారు ఆగాలి. అన్నిటిలోకీ ప్రాణంగా చూసుకునేది కూతురు లమా మంచం పక్కనున్న చిన్న పెట్టెను. గదిలో పొగ ఎంతుందో కొలిచి, రోజు సగటును అది అతని ఫోనుకు పంపుతుంది.

ఎనిమిదేళ్ల లమాకు ఆయాసం. "ఇంట్లో గాలి చెడ్డదైతే పిల్లని వెంటనే కొండమీది మీ అత్తగారింటికి పంపెయ్. బాగుంటే మందు పెంచుదాం," అన్నాడు డాక్టరు. ముంజిర్ సగటు చూపించాడు. పద్దెనిమిది. గాలి శుభ్రంగా ఉందని మందు పెంచారు.

ఆ అంకెలతో ఫోను గీసే గీతలో మాత్రం మధ్యమధ్య ఖాళీలు. తీగ మార్చాడు, పెట్టె మార్చాడు. అతను ఇంట్లో ఉండే సాయంత్రాలు అది బుద్ధిగా పనిచేసేది. పనికి వెళ్తే చాలు, మూగపోయేది. చివరికి విసుగెత్తి, ఖాళీకి అటూ ఇటూ ఉన్న అంకెలతో మధ్యలో పూడ్చేట్టు ఏర్పాటు చేశాడు. గీత నున్నగా వచ్చింది. అదేం తెలివో మరి. బీటకు సున్నం పూసే మేస్త్రీని నిలబెట్టి తిట్టే మనిషే ఈ పని చేశాడు. మందు రెండోసారి పెంచారు, మూడోసారీ పెంచారు. లమా గోళ్లు నీలంగా మారుతున్నాయి.

ఒక మధ్యాహ్నం పెందలాడే ఇంటికొచ్చాడు. భార్య ఉమైమా వంకాయలు వేయిస్తోంది. కరెంటు పోయింది. రెండు నిమిషాలకు కింద, పేటంతటికీ కరెంటు అమ్మే జనరేటర్ దడదడమంది. ఉమైమా గబగబా ఇల్లంతా తిరిగి ప్లగ్గులు పీకింది, లమా పెట్టెతో సహా.

"అదెందుకు పీకావు?"

"బాగుందయ్యా అడగడం. జనరేటర్ రాగానే అక్కర్లేనివన్నీ పీకేయమని నా చెవిలో పోరిందెవరు? దాన్నుంచి మనం కొనుక్కున్నది అయిదు ఆంపియర్లే. ఫ్యూజు ఎగిరితే ఆరంతస్తులు దిగేది నేను, నువ్వు కాదు."

"దానికెంత కావాలే, చిటికెడు కరెంటు."

"నాకేం తెలుసు? అన్నీ అన్నావు, అన్నీ పీకాను."

ముంజిర్ వంగి ప్లగ్గు పెట్టాడు. పెట్టె మీద అంకె ఎక్కసాగింది. ముప్ఫై. తొంభై. రెండువందల పది. జనరేటర్ గొట్టం పొగ వదిలేది ఇళ్ల మధ్య సందులోకి; లమా కిటికీ తెరుచుకునేదీ ఆ సందులోకే. మూడువందల నలభై దగ్గర ఎర్రదీపం వెలిగింది. కరెంటున్న సాయంత్రాల మంచిగాలిని రోజంతటికీ పూసి డాక్టరుకు చూపించింది ముంజిరే.

మంచం మీది పిల్లను ఎత్తుకుని బయటపడ్డాడు. లిఫ్టు ఆగి ఉంది. మెట్లు దిగేకొద్దీ ఆ దడదడ దగ్గరవుతోంది. వీధిలోకి దారి జనరేటర్ పక్కనుంచే, ఇంకో దారి లేదు. చొక్కా విప్పి లమా ముక్కుకు అడ్డం పెట్టాడు. పిల్ల ఎగశ్వాస మీద మాట్లాడింది.

"అమ్మని తిట్టకు బాబా. అమ్మ పనిలో ఉంటే నేనే పీకేదాన్ని. నువ్వు చెప్పింది ఒక్కరోజు కూడా మర్చిపోలేదు."

ముంజిర్ పిల్లను గుండెకు అదుముకుని పొగలోకి దిగాడు.