గోలుకు వీపు పెట్టి

వానాకాలంలో మా బడి స్టోర్ రూం తలుపు తీయగానే తడిసిన తోలు వాసన గుప్పున ముఖానికి కొడుతుంది. రాజమండ్రిలో ఈ బడిలో నేను ఆటల టీచరుగా పనిచేస్తున్నాను. ఇప్పటి ఫుట్‌బాళ్ళు నీళ్ళు పీల్చవు, వాటికి ఆ వాసన ఉండదు. ఎవరి కాలం నాటిదో ఒక పాత తోలు బంతి మూలన పడి ఉంది. గోడ చెమ్మకు నాని రాయిలా బరువెక్కుతుంది. ఆ వాసన తగిలితే నా మెడ వెనక చల్లబడుతుంది, వర్మ మాస్టారు గుర్తుకొస్తారు. ఆయన గుర్తుకు రావడమూ భయం వేయడమూ నాకు వేరు వేరుగా జరగవు.

ఆయనను చూడనివాళ్ళకు ముందుగా ఆయన మాట గురించి చెప్పాలి. భీమవరం వైపు నుంచి మా తుని బడికి ఆటల మాస్టారుగా వచ్చిన మనిషి. ఆరడుగుల పైన ఎత్తు, బట్టతల, నుదుటి మీద పాత కుట్ల గీత. అంత మనిషీ ఆరో తరగతి పిల్లలను కూడా "అండి" అనే పిలిచేవారు. "ఏవండీ, లేసు కట్టుకోండి, పడిపోతారు" అంటే, కొత్తగా చేరిన పిల్లలు ఎవరితో అంటున్నారోనని పక్కకు చూసేవారు. కాలేజీ రోజుల్లో ఆయన ఫార్వర్డ్. తనవాళ్ళందరికన్నా ముందు, అవతలివాళ్ళ గోలు దగ్గర నిలబడి, వెనక నుంచి ఎత్తుగా కొట్టిన బంతిని తలతో అందుకుని తోటివాళ్ళకు దించడం ఆయన పని. తడి మైదానాల్లో, తడిసిన తోలు బంతులతో ఏళ్ళ తరబడి ఆ పనే చేశారు.

తొమ్మిదో తరగతికే నేను మా క్లాసులో మగపిల్లలకన్నా పొడుగు. హైవే పక్కన పంచర్ల షాపు నడిపే మా నాన్న నవ్వేసేవాడు కానీ, అమ్మ మాత్రం నన్ను గుమ్మంలో చూసినప్పుడల్లా దిగులు పడేది. నేను కూడా భుజాలు ముందుకు వంచి, ఉన్న ఎత్తు కొంచెం తగ్గించుకుని నడిచేదాన్ని. ఒకరోజు మాస్టారు నన్ను గ్రౌండు మధ్యకు పిలిచారు.

"వేణిగారూ, నిటారుగా నిలబడండి. మన అమ్మాయిల టీములో మిమ్మల్ని నేనాడిన చోట, టార్గెట్ మ్యాన్‌గా పెడతాను."

"నేను ఆడపిల్లని కదండీ."

"ఆ సంగతి బంతికి తెలీదులెండి. మీరక్కడ గుంజలా నిలబడితే చాలు. మిగతావాళ్ళంతా మీ చుట్టూ తిరుగుతారు."

ఆ మాటకు నాకెంత సంతోషమైందో, అక్కడ నిలబడ్డాక అంత భయమేసింది. ఆ చోట నిలబడేవాళ్ళు గోలుకు వీపు పెట్టి నిలబడాలి. కళ్ళు పైనుంచి దిగే బంతి మీద ఉండాలి. మనల్ని గుద్దే మనిషి మాత్రం వెనక నుంచి వస్తుంది. కనబడదు. బూట్ల చప్పుడు దగ్గరవుతుంది, ఊపిరి వినబడుతుంది, అప్పుడు ఎగరాలి. మొదటి నెలంతా నేను ఎగిరే ముందే కళ్ళు మూసుకునేదాన్ని.

"భయమేస్తోందా అండి?" అని అడిగారు మాస్టారు.

"లేదండి."

"వేయాలండి. భయపడితేనే వెనక మనిషి ఉన్నట్టు వీపుకు తెలుస్తుంది."

రెండు చేతులూ కొంచెం పక్కలకు చాపి, వెనక ఉన్న మనిషి ఎటు కదులుతోందో చేతులతోనే పసిగట్టడం అప్పుడు నేర్పారు. కళ్ళు తెరిచి ఎగరడం నేర్పారు. మరుసటి ఏడాదికల్లా మా జిల్లాలో నా తలను దాటి బంతి పోవడం కష్టమని చెప్పుకునేవారు.

జంగారెడ్డిగూడెంలో బడుల మధ్య పోటీలు జరిగాయి. రాష్ట్ర జట్టు కోసం పిల్లలను ఎంచేవాళ్ళు వచ్చి కూర్చున్నారు. గ్రౌండు పక్కన పామాయిల్ తోట, సన్నగా వాన. బంతి పైకి లేచింది. నేను, అవతలి జట్టు అమ్మాయి ఇద్దరమూ ఎగిరాం. ఆమె తల నా కణతకు తగిలింది. నాకు గుర్తున్న తరువాతి సంగతి మాస్టారి ముఖం.

"బాగానే ఉన్నానండి," అంటూ లేచాను. "స్కోరెంతండీ?"

"ఒకటి ఒకటి."

నీళ్ళు తాగి, "స్కోరెంతండీ?" అన్నాను. ఆయన నా కళ్ళలోకి చూస్తూ ఉండిపోయారు.

"ఇప్పుడే చెప్పాను కదండీ. ఎంతో మీరు చెప్పండి."

చెప్పలేకపోయాను. ఆయన నన్ను పక్కకు తీసి వేరే అమ్మాయిని పంపారు. నేను ఏడ్చాను, బతిమాలాను, ఎంచేవాళ్ళ వైపు చూపించాను. ఆయన వినలేదు. మ్యాచ్ ఓడిపోయాం. వచ్చినవాళ్ళు గొడుగులు వేసుకుని వెళ్ళిపోయారు.

ముందు ఆసుపత్రిలో చూపించారు. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాక బస్సెక్కాం. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆయనే నెమ్మదిగా మొదలుపెట్టారు.

"నాకూ ఇలాగే తగిలిందండి, కాలేజీలో. బాగానే ఉన్నానని చివరిదాకా ఆడేశాను. గోలు కూడా కొట్టానట. భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారట. అదంతా నలుగురూ చెబితే విన్నదేనండి. నాకు తెలీదు. ఆ అరగంటా అక్కడ ఆడింది ఎవరో మరి."

ఆయన ముందు సీటు కమ్మీని గట్టిగా పట్టుకుని ఉన్నారు. నా కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. దాని స్థానంలో వచ్చిన భయం మాత్రం ఇప్పటికీ నాతోనే ఉంది. నా ఒంట్లో ఉండి, నా కాళ్ళతో పరిగెత్తి, నాకు తెలియకుండా ఆడగల ఒక మనిషి!

నేను కోలుకుని గ్రౌండుకు వచ్చేసరికి మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని ఫోన్లో విదేశీ మ్యాచ్‌లు చూస్తూ కనబడ్డారు. చాలా రోజులు అలాగే చూశారు.

"ఆట మారిపోయిందండి," అన్నారు చివరికి. "గోల్‌కీపరు కూడా బంతిని పైకి బాదడం మానేశాడు, పక్కవాడికి పాస్ ఇస్తున్నాడు. ముందున్న పొడుగుమనిషి కిందికి వచ్చి కాళ్ళతో అందుకోవాలి, ఇచ్చేసి పరిగెత్తాలి. బంతి పోతే అందరికన్నా ముందు తరమాల్సింది కూడా తనే. కొన్ని టీములైతే అలాంటి మనిషినే పెట్టుకోవడం లేదు."

"అయితే నేనింక అక్కర్లేదా అండీ?"

నా పొడవు పనికొచ్చేది ప్రపంచంలో ఆ ఒక్క చోటే అనుకునే వయసు నాది. అదీ పోతే మళ్ళీ భుజాలు వంచుకోవాల్సిందే అనుకున్నాను.

"గుంజ నడవడం నేర్చుకోవాలండి," అన్నారు. "నాకూ రాదు. ఇద్దరం నేర్చుకుందాం."

నేర్చుకున్నాం. నా కాళ్ళు నా మాట వినేవి కావు, పిల్లలు నవ్వేవారు. ఆయన తన మోకాళ్ళు పట్టుకుంటూ నాతో పాటే పరిగెత్తేవారు. రెండేళ్ళకు నేను రాష్ట్ర జట్టులో ఆడాను. అక్కడి కోచ్ నన్ను తలతో బాగా కొడతానని తీసుకోలేదు. గోలుకు వీపు పెట్టి బంతిని కాలికింద దాచి, సరైన మనిషికి అందించగలనని తీసుకున్నాడు.

మాస్టారు రిటైరై భీమవరం దగ్గర సొంత ఊరికి వెళ్ళిపోయారు. కిందటి సంవత్సరం చూడటానికి వెళ్ళాను. బయల్దేరేముందు ఫోన్ చేస్తే ఆయన భార్య, "ఆయన కొంచెం మరిచిపోతున్నారమ్మా, ఏమనుకోకు," అన్నారు. పెరటి వైపు గేటు తెరిచి ఉంటే అటునుంచే లోపలికి వెళ్ళాను. ఆయన అటు తిరిగి కుర్చీలో కూర్చుని ఉన్నారు. నా చెప్పుల చప్పుడు వినగానే భుజాలు బిగుసుకున్నాయి. రెండు చేతులూ పక్కలకు చాచి గాలిలో తడుముతూ, "ఎవరు? వెనకెవరు?" అని అరిచారు. గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు.

పరుగున ముందుకు వెళ్ళి, ఆయనకు కనబడేలా నేల మీద కూర్చున్నాను. "నేనండి మాస్టారూ, వేణిని. తుని."

చాలాసేపు చూశారు. చేతులు మెల్లగా దిగాయి.

"మీరు బాగా పొడుగండి," అన్నారు మర్యాదగా. "ఏమైనా ఆడతారా?"

"ఫుట్‌బాల్ ఆడానండి. మీరే నేర్పారు."

"అలాగా అండి." ముందుకు వంగి, రహస్యం అడిగినట్టు అడిగారు. "తలకు దెబ్బలేం తగల్లేదు కదా?"

లేదన్నాను. ఆయన తృప్తిగా తలూపారు. వంటింట్లో కాఫీ కలుపుతూ ఆయన భార్య, "ఆ బంతులవల్లో, వయసువల్లో డాక్టర్లు కూడా చెప్పలేమంటున్నారమ్మా," అన్నారు. తిరుగు బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగితే నాకొక్క క్షణం ఊరి పేరు నోటికి రాలేదు. ఎవరికైనా జరిగేదే. అయినా రాజమండ్రి చేరేదాకా చెమటలు పోస్తూనే ఉన్నాయి.

మాస్టారు ఈ వేసవిలో పోయారు. ఆయన నేర్పిన ఆటలో చాలా భాగం నా మోకాళ్ళు మరిచిపోయాయి. ఆ భయం మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని వదిలించుకోవాలని నాకూ లేదు. మా పిల్లలకు బంతిని నేల మీదే ఆడటం నేర్పుతున్నాను. అయినా గ్రౌండు మూల నుంచి కార్నర్ కొట్టినప్పుడు అది పైకి లేవక తప్పదు. ఇద్దరమ్మాయిలు ఆకాశం కేసి చూస్తూ ఒకరికొకరు కనబడకుండా పరిగెత్తుకొస్తారు. గట్టు మీద నిలబడి నేను పేర్లు పెట్టి అరుస్తాను. ఎగిరిన ఇద్దరూ దిగి, కాళ్ళ మీద నిలబడి, నా వైపు చూసేదాకా నాకు ఊపిరాడదు.