దిగుడు దారిలో న్యూట్రల్

కుడికంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి నేను కారు నడపడం లేదు. ఎడమకంటిది కూడా అయ్యేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టరు చీటీ మీద రాసి ఇచ్చారు. నోటిమాటగా చెప్పి ఉంటే వాదించేవాణ్ణేమో. రాసి, కింద తేదీ వేసి ఇచ్చారు గనుక పాటిస్తున్నాను. సరిగ్గా ఆ రోజుల్లోనే బద్వేలులో ఉన్న మా వదినగారు, నా భార్యకు అక్క, బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ప్రతి గురువారం వెళ్లి అక్కకు తలస్నానం చేయించి రావాలని నా భార్య నిశ్చయించుకున్నది. అందువల్ల గురువారాలు మా కారు నా బావమరిది చేతికి వెళ్లింది.

అతను ఉదయగిరిలో ఉంటాడు. ముప్పయ్యేళ్లు లారీ నడిపి మానుకున్నాడు. మొదటి బస్సుకు ఆత్మకూరు డిపోలో దిగి, మా ఇంటికి నడిచివచ్చి, కాఫీ తాగి తాళంచెవి అడుగుతాడు. స్టీరింగ్ మీద చెయ్యి కుదురైనదే, హారన్ కూడా అనవసరంగా కొట్టడు. అతని మీద నా అభియోగం ఒక్కటే. మర్రిపాడు దాటి, కొండ ఎక్కి, రోడ్డు బద్వేలు వైపు దిగడం మొదలు కాగానే గేరు తీసి న్యూట్రల్ కొడతాడు. అక్కడి నుంచి కారు తన బరువుతో తానే జారిపోతుంటుంది. వేగం పెరుగుతుంది, మలుపు వస్తుంది, బ్రేకు; మళ్లీ పెరుగుతుంది, మళ్లీ బ్రేకు.

మొదటి గురువారం నేను ముందు సీట్లో కూర్చుని మౌనంగా లెక్కపెట్టాను. కొండ దిగి చదును నేల చేరేసరికి ముప్పయ్యెనిమిది సార్లు బ్రేకు తొక్కాడు. కిందికి దిగాక చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చింది. వెనక సీట్లో నా భార్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది. ఆమెను ఈ దారిన ప్రతి వారం పంపవలసినవాణ్ణి నేను. ఆ ముప్పయ్యెనిమిది నాకు నిద్ర పట్టనివ్వలేదు.

సర్వే శాఖలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. అంకె లేని మాటకు నా దగ్గర విలువ లేదు. ఎదుటివారికీ అట్లాగే ఉంటుందని అనుకోవడం నా జీవితకాలపు పొరపాటు. రెండో గురువారం బయలుదేరకముందే బావమరిదిని కూర్చోబెట్టి ముప్పయ్యెనిమిది సంగతి చెప్పాను. మూడో గేరులో దిగితే ఇంజనే కారును పట్టి ఉంచుతుందని, బ్రేకులకు పని తగ్గుతుందని వివరించాను.

"గేర్లో దిగితే పెట్రోలు ఎవురు పోస్తారు బావా?" అన్నాడు. "న్యూట్రల్లో ఇంజన్ తిరుగుడు చూపే సూది కిందికి పడిపోతాది. గేర్లో పైకి లేస్తాది. సూది లేస్తే తాగినట్టే గదా."

చక్రాలే ఇంజన్ను తిప్పుతున్నందువల్ల సూది లేస్తుందని, ఇప్పటి కార్లలో గేరులో ఉండి కాలు తీసేస్తే ఇంజన్లోకి పెట్రోలు రావడమే ఆగిపోతుందని, న్యూట్రల్లో అయితే ఇంజన్ ఆరిపోకుండా ఉండడానికి కొంత కాలుతూనే ఉంటుందని చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. విని, లేచి, మా బీరువా తెరిచి, నా పాత అట్ట పుస్తకం తెచ్చి నా ముందర పెట్టాడు.

అది నా మొదటి కారు నాటిది. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, లీటర్లు అందులో ఉన్నాయి. ఆ కారు మీదే ఈ బావమరిదికి నేను డ్రైవింగ్ నేర్పాను. వెతుక్కోకుండానే పేజీ తిప్పాడు. నా చేతిరాతే. "దిగుడులో న్యూట్రల్ వాడిన వారం లీటరుకు ఎక్కువ వచ్చినది. ఇకపై ఇదే పద్ధతి." కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాను.

"ఇది రాసిందెవురు బావా? నేనా?" అన్నాడు. "ఉదయగిరి స్టాండులో ఉండే డ్రైవర్లందరికీ మీ లెక్కే చెప్పినాను. మా బావ సర్వేయరు, కొలవకుండా రాయడు అని."

ఆ కారుకు కార్బురేటరు ఉండేది. దిగుడులో గేరులో ఉన్నా అది పెట్రోలు పీలుస్తూనే ఉండేది కాబట్టి ఆనాటి లెక్క ఆనాటికి సరైనదే. కాని ఏ బండికో ఆ పేజీలో రాయలేదు. అన్నీ రాసి, రాయవలసినదొక్కటి వదిలేశాను. ఉదయగిరిలో ఎంతమంది నా మాట పట్టుకుని కొండలు దిగారో తలచుకుంటే ఒళ్లు మండిపోయింది.

దారిలో డాష్‌బోర్డు మీద మైలేజీ చూపే గీతను సాక్ష్యం పెట్టుకున్నాను. దిగుడులో మూడో గేరు వేయించాను. గీత చివరిదాకా వెళ్లింది. న్యూట్రల్ కొట్టాడు, అప్పుడూ చివరిదాకానే వెళ్లింది. ఆ గీతకు అంతకు మించి చూపే చోటు లేదు. ఇట్లాంటి పనిముట్టును తయారుచేసినవారు నాకు ఎదురైతే అడగవలసినవి చాలా ఉన్నాయి.

"సమానం," అన్నాడు బావమరిది తృప్తిగా.

"సమానం కాదురా, దానికి చూపడం చేతకాదు."

"మీరు గెలిస్తే మిషను మంచిది, ఓడితే చేతకానిదా?"

తిరిగి వచ్చాక ఆత్మకూరులో మా కారు చూసే మెకానిక్కు దగ్గరికి తీసుకువెళ్లాను. మెకానిక్కు నేను చెప్పిందే చెప్పాడు: గేరులో కాలు తీస్తే పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు మూసుకుంటుంది, న్యూట్రల్లో తెరిచే ఉంటుంది. బావమరిది తల ఊపాడు. "అంటే న్యూట్రల్లో కొంచెం కాలతానే ఉండాది, అంతేనా?" అని రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు. ఒప్పుకున్నాడని నేను సంతోషించాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో ఆలోచించి ఉండవలసింది.

మూడో గురువారం కొండ మీద దిగుడు మొదలైంది. న్యూట్రల్ కొట్టాడు. నేను నోరు తెరిచేలోగా తాళంచెవి వెనక్కి తిప్పి ఇంజన్ ఆపేశాడు.

"ఏంరా అది!"

"మీరే గదా చెప్పినారు, న్యూట్రల్లో కాలతాదని. ఇప్పుడు సున్నా. రాసుకోండి బావా."

మొదటి బ్రేకు పనిచేసింది. రెండోదీ పనిచేసింది. మూడోసారి తొక్కితే పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. ముందర మలుపు, మలుపులో నెమ్మదిగా ఎక్కి వస్తున్న లారీ. ఇంజన్ ఆగితే ఈ కార్లలో బ్రేకుకూ స్టీరింగ్‌కూ దాని సాయం ఉండదు; స్టీరింగ్ తిరగడం లేదు. అతను భుజాలు రెండూ వేసి లాగుతున్నాడు. "అక్కా, గట్టిగా పట్టుకో!" అని అరిచాడు. నా సీటు వెనకభాగాన్ని నా భార్య రెండు చేతులా పట్టుకున్న పట్టు నా వీపుకు తెలిసింది. అతను రెండు కాళ్లతో పెడల్ మీద నిలబడినంత పని చేసి, ఒక చేత్తో తాళం తిప్పాడు. ఇంజన్ అందుకున్నది. లారీ పక్కనుంచి మేము వెళ్లినప్పుడు మధ్య ఎంత జాగా ఉన్నదో నేను కొలవలేదు.

కొంత దూరం పోయాక రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆపాడు. నా భార్య కారు దిగి, చీర సర్దుకుని, అద్దం దించమని నాకు సైగ చేసింది.

"వాడు మూర్ఖుడు. మీరు లెక్కలు తెలిసిన మూర్ఖులు," అన్నది. "మీ ఇద్దరిలో ఎవురు గెలిచినా చచ్చేది నేను. ఇకమీదట గురువారం బస్సులో పోతాను. ఆ డ్రైవరుకు మీ పుస్తకం చూపించమాకండి."

బావమరిది కిందికి చూస్తూ, "గేర్లోనే దిగతాలే అక్కా," అన్నాడు. ఆమె నమ్మలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో బావమరిది పాత పుస్తకాన్ని మళ్లీ తెచ్చాడు. ఎర్ర గీత కింద జాగా చూపించి రాయమన్నాడు. "నోటితో చెబితే స్టాండులో ఎవురూ వినరు బావా. మీ రాత ఉండాల." నేను రాశాను: పై లెక్క కార్బురేటరు ఉన్న నా పాత బండికి మాత్రమే చెల్లుతుంది, ఇంజెక్టరు ఉన్న బండికి చెల్లదు, దిగుడులో ఏ బండికీ న్యూట్రల్ క్షేమం కాదు, ఇంజన్ ఆపడం అసలే కాదు, ఇంతకుముందు ఈ సంగతి రాయకపోవడం నా తప్పు.

"తేదీ?" అన్నాడు. వేశాను. "సంతకం?" చేశాను. ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. నా ఉద్యోగకాలంలో ఏ అధికారీ నా చేత ఇంత పకడ్బందీగా సంజాయిషీ రాయించుకోలేదు.

ఆ పేజీని నా భార్య చదివింది. ఒక్కసారికి వస్తానని, తేడా వస్తే మర్రిపాడులో దిగి బస్సెక్కుతానని షరతు పెట్టింది. నాలుగో గురువారం దిగుడు మొదలు కాగానే బావమరిది మూడో గేరు వేసి పాదం తీశాడు. ఇంజన్ మూలిగింది, ఆ మూలుగు వినలేక అతను మొహం చిట్లించుకుంటూనే ఉన్నాడు. కారు మాత్రం ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు నెమ్మదిగా దిగింది. వాసన రాలేదు. చదును నేల చేరాక, ఇన్నేళ్లలో మొదటిసారిగా, అతనే అడిగాడు.

"ఎన్నిసార్లు తొక్కినాను బావా?"

"ఏడు."

"ఎనిమిది," అన్నది వెనకనుంచి నా భార్య.

ఏడే. వరుసగా వేలు మడిచి లెక్కపెట్టాను. ఆమె ఎనిమిదేనంటున్నది, ఈనాటికీ అంటూనే ఉన్నది. పుస్తకంలో ఏడు అని రాసి, పక్కన ఆమె అభ్యంతరాన్ని కూడా నమోదు చేయవలసి వచ్చింది.