జెల్లక్క చేయి

స్కాన్ గదిలో ఆమెను అందరూ జెల్లక్క అనేవారు. చల్లటి జెల్ ఒంటిమీద పడితే ఎవరైనా ఉలిక్కిపడతారని సీసాను ముందుగానే వేడినీళ్లలో పెట్టి ఉంచే మనిషి ఆ ఆసుపత్రిలో ఆమె ఒక్కతే. అల్ట్రాసౌండ్ ఆమెకు కొట్టిన పిండి. స్కాన్ తీసే ప్రోబ్ పరికరాన్ని ఒంటికి ఆనించి ఎక్కడ ఎంత నొక్కాలో తన చేతికే తెలుసనేది. అందులో కాస్త గర్వం కూడా ఉండేది, లేదని బుకాయించడం ఎందుకు?

ఆమె తమ్ముడు కరెంటు పనివాడు. నిచ్చెన మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది గానీ, మంచాన ఉన్నన్నాళ్లూ కండ కరిగిపోయింది. రెండు తొడల కండా ఇంచుమించు సమానమైతే తప్ప నిచ్చెన జోలికి పోవద్దనీ, పై మెట్టు మీద ఆ కాలు లొంగిపోతే ఈసారి తొడతో పోదనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. నెలనెలా స్కాన్ చేసి కండ మందం కొలిచేది అక్కే. మొదట్లో ప్రోబ్ నొక్కితే నొప్పికి పళ్లు బిగించేవాడు, రానురాను ఈల వేసుకుంటూ పడుకోసాగాడు. కొలతలూ దగ్గరపడ్డాయి. చివరిసారి తేడాయే లేదు. సోమవారం పనిలోకి వస్తానని మేస్త్రీకి మాటిచ్చేశాడు.

సరిగ్గా ఆ వారమే ఆసుపత్రికి కొత్త యంత్రం పరీక్షకు వచ్చింది. దానికి జెల్ అక్కర్లేదు, ఒంటిని తాకే పనే లేదు. దూరం నుంచే ఒక లేజర్ చర్మం మీద మెరిసి లోపలికి శబ్దం పుట్టిస్తుంది. అది కండకూ ఎముకకూ తగిలి తిరిగొచ్చేటప్పుడు చర్మం సన్నగా వణుకుతుంది. ఆ వణుకును రెండో లేజర్ పట్టుకుని తెరమీద బొమ్మ కట్టిస్తుంది.

"ముట్టుకోకుండా స్కానా? టీవీలో వంట చూసి కడుపు నింపుకున్నట్టుంది," అని జెల్లక్క మూతి తిప్పింది. దాని సంగతి తేల్చడానికి తమ్ముణ్ణే తెచ్చి పడుకోబెట్టింది. యంత్రం రెండు తొడల్నీ చూసింది. దెబ్బతిన్న తొడలో కండ ఇంకా బాగా పలచగానే ఉందని చూపించింది.

"మీ యంత్రానికి కళ్లు కనబడవు!" అని ఆమె పక్కనే ఉన్న డాక్టరు మీద ఇంతెత్తున లేచింది.

"అయ్యుండొచ్చమ్మా, కొత్తది కదా. మీరే ఇంకోసారి కొలవండి. రెండు కాళ్లకీ ఒకేలా నొక్కి," అన్నాడు డాక్టరు.

బాగున్న తొడను ఎప్పటిలాగే నొక్కి కొలిచింది. అదే బిగువుతో రెండో తొడ మీద ఆనించగానే తమ్ముడు "అమ్మా!" అని మంచం అంచు పట్టుకున్నాడు. ఆమె చేయి దానంతటదే తేలికైపోయింది. తెరమీద కండ ఆమె కళ్లముందే లావెక్కింది. మళ్లీ నొక్కింది. పలచబడింది.

గట్టిగా నొక్కితే కండ అణుగుతుంది, వదులు చేస్తే ఉబ్బుతుంది. ఆ పనిలో మొదటిరోజు నేర్పే పాఠమే అది. జెల్లక్కకు అప్పుడు అర్థమైంది. తమ్ముడు మొహం చిట్లించినప్పుడల్లా ఆ ఒక్క కాలిమీద చేయి తేలిక చేస్తూ వచ్చింది, తనకే తెలియకుండా.

"ఏమైందక్కా? సోమవారం ఎక్కొచ్చు కదా?"

"లేదురా. కాలు ఇంకా కోలుకోలేదు."

"అదేంటి, పోయిన నెల అసలు నొప్పే లేదు కదా!"

"నేను నొక్కలేదురా."

వాడి మొహం చిన్నబోయింది. జెల్లక్కకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తొడమీది జెల్ శుభ్రంగా తుడిచి చేయి చాపింది.

"ఫోన్ ఇలా ఇవ్వు. మేస్త్రీకి నేను చెప్పుకుంటా."