ముయ్యి దినాలు

మా పాత ఇల్లు కూలిన ఏడాది, దాని మన్ను అడగడానికి ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. పాతగోడల మన్ను చేనుకు మంచి ఎరువని మా పక్క రైతులందరికీ తెలుసు. శెనక్కాయ చేనికి తోలుకుంటామని వచ్చినవాళ్ళందరికీ అమ్మ ఒకటే మాట చెప్పింది.

"ఆ మన్నుతో మాకు పని ఉండాదప్పా."

ఏం పనో అప్పటికి ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

మాది నిడుగల్లు కొండ పక్క ఊరు. పావగడ తాలూకా మైసూరు మహారాజుగారి సీమలోదే గానీ, ఎటు నడిచినా కొంత దూరానికి తెల్లవాళ్ళ అనంతపురం జిల్లా తగులుతుంది. మా తాతగారి కాలంలో తాలూకాకు పెద్ద అధికారి అమల్దారు ఊళ్ళ మీదికి వస్తే మా పంచలోనే దిగేవాడు. కొండ మీద నిలబడి చూస్తే కనిపించే చేలలో చాలావరకు మావే. అవన్నీ ఎట్లా పోయాయో ఇక్కడ రాయను. పోయినవాటి లెక్క చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు. నాయన పోయాడు, ఆ తర్వాతి వానలకు ఇల్లు కూలింది. అప్పటికే తలుపులు, దూలాలు లేని ఇల్లు. అమ్మా నేనూ పశువుల కొట్టంలోకి మారాం. అందులో అప్పటికి పశువులు లేవు కాబట్టి చోటుకు ఇబ్బంది లేకపోయింది.

మా మేనమామది మడకశిర పక్క ఊరు. ఉగాది దాటాక వచ్చి, కొట్టం గుమ్మం ముందర నిలబడి, లోపలికి రాకుండానే అన్నాడు.

"చెల్లెలు కొట్టంలో పండుకుంటే నేను మొగం యాడ పెట్టుకోవల్ల? మూట కట్టు, పోదాం."

అమ్మ ఆయనకు పీట వేసి చెప్పింది. "ముంగారు వానలు పట్టేలోపల ఈడ గోడలు లేస్తే ఈన్నే ఉంటానన్నా. లేవకుంటే నువ్వు బండి కట్టుకోని రా. మాట్లాడకుండా ఎక్కుతాను."

మామ సరేనన్నాడు. మంచివాడే. కానీ ఆ బండి ఎక్కితే అమ్మ మిగిలిన కాలమంతా వదిన వడ్డించింది తినాలి. ఊళ్ళో మా ఇంటిదంటూ ఒక తలుపు ఉండదు. ఆ బండి ఖాళీగా పోవాలి. ఆ ఎండకాలమంతా నాకు అదొక్కటే ఆలోచన.

ఇటుకలు కాల్చేందుకు కట్టెలు లేవు. ఊళ్ళో అందరూ కట్టుకునే బురదగోడలకు నీళ్ళు ఎక్కువ కావాలి. బావులు అడుగంటుతున్నాయి. అంతకుముందు ఒకసారి పావగడలో రోడ్డు పనివాళ్ళు తమ సామాన్ల కొట్టానికి మట్టి దిమ్మెలు చేస్తుంటే నేను నిలబడి చూశాను. బురద కాదు, తేమ మన్ను. జల్లెడ పట్టిన మన్నులో ఇసుక, గరుసు కలిపి, నీళ్ళు చిలకరించి, చెక్క అచ్చులో పోసి దిమ్మిసతో దంచుతారు. అచ్చు విప్పితే చెక్కినట్టు దిమ్మె నిలుస్తుంది. దాన్ని నీడలో పెట్టి, బోదగడ్డి కప్పి, రోజూ తడి చూపుతూ ఆరనిస్తే చాలు. నిప్పు అక్కర్లేదు, నీళ్ళు కొంచెమే.

గాదె పలకలు కొన్ని మిగిలి ఉంటే వడ్రంగితో అచ్చు చేయించాను. పాత ఇంటి స్తంభం ముక్కకు రెండు పిడులు కొట్టిస్తే దిమ్మిస అయింది. మన్ను ఎక్కడిదో చెప్పనక్కర్లేదు. కూలిన గోడల కుప్ప కళ్ళ ముందరే ఉంది.

మొదటి దిమ్మెలు విరిగాయి. తడి ఎక్కువైతే దిమ్మె కుంగుతుంది, తక్కువైతే అంచులు రాలతాయి. పిడికిట్లో మన్ను గట్టిగా పిసికి ఉండ చేసి, రొమ్మెత్తు నుంచి కింద వదలాలి. నాలుగైదు ముక్కలైతే తడి సరిగ్గా ఉన్నట్టు. పొడిగా చెదిరినా, ముద్దగా అతుక్కున్నా పనికిరాదు. అది పట్టుబడ్డాక దిమ్మెలు నిలిచాయి. కానీ ఒక్కడి పని కాదది. జల్లించేవాళ్ళు, కలిపేవాళ్ళు, పోసేవాళ్ళు, దంచేవాళ్ళు, మోసేవాళ్ళు కావాలి. పొద్దు గూకే వేళకు నేను చేసిన దిమ్మెలు ఒక కిటికీ కింది భాగానికి కూడా చాలవు.

మా పక్క ఇల్లు కట్టుకునేవాళ్ళు కూలివాళ్ళను పిలవరు. ముయ్యి మీద కట్టుకుంటారు. నువ్వు నా గోడకు ఒక దినం వస్తావు, నీ గోడకు నేనొక దినం వస్తాను. ఊరంతా ఇట్లా ఒకరికొకరు దినాలు బాకీ ఉంటారు. మా ఇల్లు మాత్రం ఆ లెక్కలో ఎప్పుడూ లేదు. మా వాళ్ళు పిలిస్తే జనం వచ్చేవాళ్ళు. మా వాళ్ళు ఎవరి గోడకూ పోలేదు. ఇప్పుడు పిలిస్తే ఎవరూ రారు, నేనూ అట్లా పిలవను. కాబట్టి పద్ధతి ప్రకారమే పోదామనుకున్నాను. ముందు నా దినాలు ఇస్తాను, తర్వాత అడుగుతాను.

ఆ ఎండకాలంలో నాలుగైదు ఇళ్ళల్లో గోడల పని జరుగుతోంది. ఉతికిన పంచె, కోటు, తలకు రుమాలు పెట్టుకుని మొదటి ఇంటికి పోయాను. రుమాలు లేకుండా మా నాయన గడప దాటడం నేను చూడలేదు.

"రాండి సామీ, రాండి!" అని ఆ ఇంటి పెద్దాయన వేపచెట్టు కింద మంచం వాల్చి, కంబళి పరిచాడు.

"ముయ్యికి వచ్చినాను" అన్నాను.

"అయ్యో, మీరేంది బురదలోకి! మీరట్ల కూసుంటే సాలు. పని దానంతట అదే అయితాది."

కూర్చున్నాను. చల్ల ఇచ్చారు, తాగాను. పొద్దు వాలేదాకా ఉన్నాను. ఉన్నందుకు ఊరికే ఉండకుండా, ఉత్తరం గోడ వంకర పోతోందని చెప్పాను. నిజంగానే పోతోంది. మిగిలిన ఇళ్ళల్లోనూ అంతే. మంచం, కంబళి, చల్ల. వాళ్ళు దిగనివ్వకపోతే నేనేం చేసేది? నేను పోయాను, ఉన్నాను. నా లెక్కలో అవి ఇచ్చిన దినాలే.

దినాలు ఇచ్చేశాననుకుని ఇల్లిల్లూ తిరిగి పిలిచాను. సోమవారం మా ఇంటి దగ్గర దిమ్మెలు చేస్తున్నాం, ముయ్యికి రమ్మన్నాను. అందరూ తప్పకుండా వస్తామన్నారు.

వచ్చారు కూడా. ఒక్కరూ తప్పలేదు. ఉతికిన పంచెలు, తలకు రుమాళ్ళు. ఒకాయన గొడుగు తెచ్చాడు. నన్ను మొదట కూర్చోబెట్టిన పెద్దాయన తన మంచం తానే నెత్తిన పెట్టుకుని వచ్చి, మా కొట్టం నీడలో వాల్చి, దాని మీద తీరికగా కూర్చున్నాడు. మిగిలినవాళ్ళు గట్టు మీద సర్దుకున్నారు.

"మొదలుపెడదామా?" అన్నాను.

"మొదలుపెట్టు సామీ. మేం చూస్తా ఉంటాం."

"చూసేకా వచ్చింది?"

పెద్దాయన రుమాలు సర్దుకున్నాడు. "నువ్వు మా ఇంటికాడ ఏం జేసినావప్పా? కూసున్నావు, చల్ల తాగినావు, గోడ వంకరుండాదని జెప్పినావు, లేసి పోయినావు. ముయ్యంటే ఎంత ఇస్తే అంతే గదా. మేమూ కూసుంటాం, చల్ల తాగుతాం. వంకరుంటే జెప్తాం."

"నాకు ఉప్పు కొంచెం ఎక్కువెయ్యల్ల" అన్నాడు గొడుగాయన.

ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు. కొట్టం లోపలినుంచి మాత్రం నవ్వు వినిపించింది. అది అమ్మది. నాయన పోయాక ఆమె నవ్వడం నేను వినడం అదే మొదలు. చల్లకుండ పట్టుకుని బయటికి వచ్చి, అందరికీ వరసగా పోసింది.

"తాగండప్పా. వాడు మీ ఇండ్లల్లో ఎంత తాగినాడో అంతా తాగిపోండి."

వాళ్ళ ముందరే ఒక్కణ్ణే దిమ్మిస కొట్టాను. "ఆ మూల సరిగ్గా దిగలేదు సామీ" అని ఒకరు, "అచ్చు పక్కకు జరిగిండాది" అని ఒకరు. పొద్దు వాలగానే లేచారు. పెద్దాయన మంచం మళ్ళీ నెత్తికెత్తుకుని పోయాడు.

"పని చేస్తానంటే వాళ్ళే వద్దన్నారు కదా" అన్నాను అమ్మతో.

"కోటు తొడుక్కోని, రుమాలు కట్టుకోని పోతే వద్దనక ఏం జేస్తారు నాయినా?"

"కోటు విడుస్తాను. రుమాలు తీసేది లేదు."

"తియ్యొద్దులే. కాళ్ళతో గదా తొక్కేది."

మర్నాడు ఊరి చివర ఒక అవ్వ ఇంటికి పోయాను. గొర్రెలు మేపుకునే ఇల్లు. కొడుకు మందతో కొండల మీద ఉన్నాడు. అవ్వా, కోడలూ కలిసి పడిపోయిన దొడ్డిగోడ ఎత్తుకుంటున్నారు. నన్ను చూసి అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమప్పా, ఇట్ల వచ్చినావు?"

"ముయ్యికి."

"నిన్ను కూసోబెట్టేకి నా దగ్గర మంచం లేదే! మన్నుండాది. తొక్కుతావా?"

పంచె ఎగగట్టి దిగాను. ఆమె నా తలవైపు చూసింది.

"రుమాలు తియ్యవా?"

"తియ్యను."

"ఉండనీలే. ఎండకు మంచిది."

దొడ్డిగోడ దారి పక్కనే ఉంది. పోయేవాళ్ళందరినీ అవ్వ కేకేసి నిలిపింది. "చూడండ్రా, పెద్దింటాయన తొక్కిన గోడ! మీ గోడలు యాడ, నా గోడ యాడ! రేపట్నించి నా గొర్రెలు మీ మాటినవు." అందరూ నిలబడి చూశారు. నేను తొక్కుతూనే ఉన్నాను. చూసినందువల్ల నాకు తరిగిందేమీ లేదు.

సాయంత్రానికి మంచం పెద్దాయన దారికి అడ్డం వచ్చాడు.

"అవ్వ గోడకైతే తొక్కుతావు, మా ఇంట్లో అయితే కూసుంటావు. ఇదేం న్యాయం సామీ?"

"నువ్వు మంచం వెయ్యకుంటే నీ గోడకూ తొక్కుతాను."

ఆ తర్వాత నేను వీధిలో కనిపిస్తే చాలు, "ఒరే, మంచం లోపలికెత్తండ్రా, ఆయనొస్తా ఉండాడు!" అని అరిచేవాళ్ళు. అవ్వతో మొదలుపెట్టి ఒక్కో ఇంటికి పోయి, ఈసారి నిజంగా ఇచ్చాను దినాలు. కాలి మడమలు పగిలాయి. అమ్మ వాటికి ఆముదం రాసేది.

తర్వాత వాళ్ళు వచ్చారు. మాసిన పంచెలతో, తలకు పాత గుడ్డలతో, మంచాలు లేకుండా. అవ్వా, కోడలూ అందరికంటే ముందు వచ్చి జల్లెడ పట్టారు. మా ముత్తాత కట్టిన గోడ జల్లెడలో పొడిగా రాలి, కుప్పయి, అచ్చులోకి పోయింది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి దిమ్మిస ఎత్తి వేస్తుంటే ఆ చప్పుడు కొండకు తగిలి తిరిగి వచ్చేది. తడి చూసే పని మాత్రం నాదే. బురద తొక్కడం వాళ్ళకు నాకంటే బాగా తెలుసు గానీ, ఈ దిమ్మెల పని ఊళ్ళో నా ఒక్కడికే తెలుసు. "ఉండ వేసి చూడు సామీ" అని ప్రతి కుప్పకూ నన్ను పిలిచేవాళ్ళు. దిమ్మెలు వరసలుగా బోదగడ్డి కింద ఆరాయి. ముందు ఆరినవాటితో రాతి పునాది మీద గోడ మొదలైంది.

గోడలు రొమ్మెత్తు లేచిన రోజు దూరంగా మబ్బు కట్టింది. అదే రోజు మామ బండి కట్టుకుని వచ్చాడు.

దిగి, కోటు దులుపుకుని, గోడల చుట్టూ తిరిగి చూశాడు.

"ఇంగా గోడలు లేవలేదు కదమ్మా."

"వాన వచ్చిందాన్నా?"

"రేపో మాపో వస్తాది."

"వచ్చినప్పుడు చూద్దాంలే. ఇంగా రాలేదు కదా."

మామ ఏదో అనబోయాడు. అంతలో అవ్వ జల్లెడ పక్కన పెట్టి లేచింది.

"ఏమప్పా కోటాయనా! వచ్చినావు గదా. నీకు మంచం వెయ్యమంటావా, దిమ్మిస ఇమ్మంటావా?"

మన్ను కలిపేవాళ్ళు, మోసేవాళ్ళు, అందరూ చేస్తున్న పని ఆపి ఆయన వైపు చూశారు. ఎందుకు చూస్తున్నారో మామకు తెలియదు. అమ్మకు తెలుసు. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ ఆమెను చూశాడు, తర్వాత నా కాళ్ళు చూశాడు. మోకాళ్ళదాకా మన్ను. తల మీద రుమాలు.

"మంచమెందుకు" అంటూ కోటు విప్పి బండి గుంజకు తగిలించాడు.

దంచడం ఆయనకు చేతకాలేదు. ఆయన వేసిన దిమ్మె అంచు రాలిపోతే అవ్వ దాన్ని మళ్ళీ కుప్పలో కలిపేసింది. కానీ ఆయన బండి పనికొచ్చింది. అమ్మను తీసుకుపోవడానికి వచ్చిన బండిలో పీపాలు వేసుకుని, నీళ్ళు ఇంకా మిగిలి ఉన్న కొండ కింది బావి నుంచి తోలాం. మామ ఆ వేళే పోతానని వచ్చినవాడు, గోడలు ముగిసేదాకా ఉండిపోయాడు. దూలాలు లేవని చూసి, మనిషిని పంపి తన ఊరి నుంచి తెప్పించాడు. పైన కట్టెలు పేర్చి, బోద పరిచి, వాననీళ్ళు దిగనివ్వని చౌడుమన్ను ఎత్తడం మొదలుపెట్టాం.

సగం మిద్దెకు చౌడు పడ్డాక వాన వచ్చింది. చౌడు పడని సగంలోనుంచి లోపలికి కారింది. అమ్మ కుండలు చౌడు పడ్డ పక్కకు జరుపుకుని కూర్చుంది. నేను బయట వానలో నిలబడి, గోడ అడుగు దిమ్మెలను చేత్తో తడిమి చూశాను. తడిసి రంగు మారాయి, అంతే. మన్ను చేతికి అంటలేదు.

మర్నాడు మామ బండి కట్టాడు. ఎవరినీ ఎక్కమనలేదు. ఖాళీ బండి కొండ మలుపు తిరిగేదాకా అమ్మ తన గుమ్మంలో నిలబడి చూసింది.

తాను చేసిన దినాలకు మామ ముయ్యి అడగలేదు, అడగడు కూడా. పంటలు ఇంటికి వచ్చాక నేనే మడకశిర పక్కకు పోయాను. ఆయన బావిగట్టు కూలి, మన్ను బావిలో పడి ఉంది. నన్ను చూసి అత్త లోపలినుంచి మంచం ఎత్తుకొచ్చింది.

వద్దన్నాను. రుమాలు బిగించి, పంచె ఎగగట్టి బావిలోకి దిగాను.