ఉమ్మడి మెరుగుపొడి

రాళ్లను నునుపు చేసే పిచ్చి భిలాయి ఉక్కు ప్లాంటులో మా తెలుగు ఆఫీసర్లకు రష్యా నుంచి వచ్చింది. మా విభాగానికి అధిపతి అయిన పెద్దసారు ట్రైనింగుకని ఆర్నెల్లు అక్కడికి వెళ్లి, అందరూ తెచ్చే కెమెరాలూ ఇస్త్రీపెట్టెలూ తేకుండా జేబు నిండా గులకరాళ్లు తెచ్చారు. ఇప్పుడే నీళ్లలోంచి తీసినట్టు మెరుస్తున్నాయి. అక్కడ ఇళ్లలో చిన్న డ్రమ్ములో రాళ్లూ నీళ్లూ గరుకుపొడీ వేసి వారాల తరబడి దొర్లిస్తారట. ముందు ముతక పొడి, తర్వాత నడిమి రకం, ఆ తర్వాత సన్నం, చివర మెరుగుపొడి. నాలుగు విడతలూ అయ్యేసరికి దారినపోయే రాయి కూడా రత్నమైపోతుందని ఆయన సెలవిచ్చారు. మేం ఆరుగురం ఆయన కింద పనిచేసేవాళ్లం. ఆయన బాగుందన్న రాయిని బాగోలేదనే దమ్ము మాలో ఎవరికీ లేదు. పై ఆదివారానికల్లా మా ఆరుగురికీ చిన్నప్పటినుంచీ రాళ్లంటే ప్రాణమని తేలిపోయింది.

రాళ్లకు కొదవ లేదు. రాజహరా గనుల వైపు వెళితే ఎర్రచారా నల్లచారా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గట్టి రాయి దొరికేది. పెద్దసారు జీపు వేసుకుని వెళ్లి ఏరేవారు, మేం వెనక సంచులు మోసేవాళ్లం. మాలో ఒకాయన మాత్రం అంత దూరం ఎందుకని దగ్గర్లోని క్వారీ నుంచి సున్నపురాయి తెచ్చి డ్రమ్ములో వేశాడు. వారం తర్వాత మూత తీస్తే రాళ్లు లేవు, తెల్లటి నీళ్లున్నాయి. వాళ్లావిడ వాటిని వృథా చేయడం ఎందుకని పెరటి గోడకు పూసింది. అదీ అంటలేదు.

డ్రమ్ములన్నీ చేసిపెట్టింది మా షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు మనిషి. ప్లాంటు లేస్తున్న రోజుల్లో వచ్చి, మరోదా సెక్టర్లో చిన్న క్వార్టర్లో ఉండిపోయాడు. అందరం మేస్త్రి అనే పిలిచేవాళ్లం. పాత రంగు డబ్బాకు లోపల సైకిలు ట్యూబు అతికించి, రెండు గొట్టాల మీద పడుకోబెట్టి, ఎండాకాలం కూలరుకు వాడే మోటారు తగిలించి తిప్పే ఏర్పాటు అతనిదే. అలాంటివి ఏడు చేశాడు. బేరింగు బిగించేముందు గుడ్డతో తుడిచి, వేలితో తడిమి, మళ్లీ తుడిచేవాడు. ఇరవై ఆరేళ్లలో తన చేతిలోంచి వెళ్లిన పని ఒక్కటీ బాగోలేదని తిరిగి రాలేదని, మరో నాలుగు నెలల్లో రిటైరయ్యేదాకా ఆ మాట నిలబడితే చాలని కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. అతనికి వేరే గొప్పలు లేవు. ఆ ఒక్కటే.

సెక్టర్ 2లో మా ఇంట్లో డ్రమ్ము పెట్టిన మొదటి వారమే కింది వాటా బిహారీ ఆవిడ మెట్లెక్కి వచ్చి, ‘యే ఘర్రుఘర్రు క్యా హై భయ్యా’ అని అడిగింది. రాళ్లు దొర్లుతున్నాయన్నాను. ఎందుకని అడిగింది. రష్యాలో దొర్లిస్తారన్నాను. మా ఆవిడ మాత్రం, ప్లాంటులో ఎలాగూ ఏమీ దొర్లించడం లేదు కనక ఇంట్లో దొర్లిస్తున్నారని ఆవిడకు హిందీలో విడమర్చి చెప్పింది.

ఇక గరుకుపొడి. రాయిపూర్ దుకాణంలో బస్తాల లెక్కన తప్ప అమ్మమన్నారు. మాకు మనిషికి కావలసింది నాలుగు డబ్బాలు. అందరం కలిసి కొనుక్కుంటే సరి. ఇది పదేళ్ల పిల్లాడికైనా తడుతుంది. మేం ఇంజనీర్లం కాబట్టి కమిటీ వేసుకున్నాం. పెద్దసారు చైర్మన్, నేను కన్వీనర్ని, అంటే అందరికంటే జూనియర్ని. మూడు చోట్ల కొటేషన్లు తెప్పించాం, వాటిని పక్కపక్కన పెట్టి పట్టిక గీశాం, నమూనా పొడిని భూతద్దంలో చూసి అందరం తలలూపాం. ఈ లోపల మేస్త్రి షాపులో గ్రైండింగు చక్రం కింద రాలిన పొడి ఊడ్చి, జల్లెడ పట్టుకుని తన రాయి ఒకటి దొర్లించుకుంటున్నాడు. మా బస్తాలు వచ్చేసరికి చలికాలం సగం పోయింది.

పంపకం పెద్దసారు బంగళా వరండాలో. కోహ్కాలో ఒక కిరాణా కొట్టువాడి దగ్గర తక్కెడ అడిగి తెచ్చాను. బస్తాలు దించడానికి మేస్త్రిని పిలిపించాం. పంచే పద్ధతి ముందే తీర్మానమైంది. క్వార్టర్లు, స్కూటరు నంబర్లు, క్లబ్బులో కుర్చీలు ఏ వరసలో ఇస్తారో పొడీ ఆ వరసలోనే. పెద్దసారుకు ముతక, నడిమి, సన్నం మూడు పొట్లాలూ కట్టి చేతికిచ్చాకే ఆయన తర్వాతి హోదా వారికి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి ముందు అందరికీ ఒక రకం, తర్వాత అందరికీ ఇంకో రకం అంటే మర్యాదగా ఉండదు.

చిక్కంతా మెరుగుపొడితో వచ్చింది. ముదురాకుపచ్చ పొడి, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన, ఒక్క చిన్న డబ్బాడే దొరికింది. పంచితే ఎవరికీ చాలదు కనక, చివరి విడత అందరి రాళ్లూ పెద్దసారు ఇంట్లో డ్రమ్ములోనే తిరగాలనుకున్నాం. అలాంటప్పుడు ఆ డబ్బా మూతైనా తియ్యకుండా ఆయనకిచ్చేస్తే సరిపోయేది. కానీ ఎవరి వాటా ఎంతో రికార్డులో ఉండొద్దూ? అందుకని ఒక్కొక్కరి పేరూ చదివి, వారి మూడు పొట్లాలూ కట్టి, ఆ వెంటనే డబ్బాలోంచి వారి పేర ఆరు చెంచాల మెరుగుపొడి తీసి ఒక గాజుసీసాలో పోశాను. తర్వాతి వారి ఆరు చెంచాలూ అదే సీసాలోకి. ఏడుగురి వాటాలూ అందులోకే. పొడి డబ్బాలోంచి సీసాలోకి మారింది, అంతకుమించి ఏమీ జరగలేదు. చెంచా మాత్రం ఒక్కటే, ముతకదానికీ మెరుగుకీ.

మొదటి వాటా అవుతుండగానే మేస్త్రి నా పక్కకు వంగి మెల్లిగా అన్నాడు.

“బాబూ, మెరుగుపొడిని ముందు తీసీండి. ముతక ముట్టుకున్న సెంచా దాన్లో ఎట్టకండి.”

“వరస సీనియారిటీని బట్టి మేస్త్రీ, పొడిని బట్టి కాదు,” అన్నాను.

ఆ మాట కొంచెం గట్టిగానే అన్నాను, పెద్దసారుకు వినబడాలని. ఆయన విని నవ్వారు. ఆ నవ్వుకి పొంగిపోయి, చెంచాను పాంటుకి ఒకసారి రుద్ది పని కానిచ్చాను.

మూడు విడతలూ ఎవరిళ్లలో వాళ్లం దొర్లించి, రాళ్లు బంగళాకు చేర్చాం. చివరి విడత మొదలుపెట్టే రోజు అక్కడి డ్రమ్ము బెల్టు తెగింది. మేస్త్రి వచ్చి కొత్తది వేసి, తన రాయి కూడా ఒకటి అందులో వేయవచ్చా అని అడిగాడు. ఈ ఊరు వచ్చిన మొదటి ఏడు రాజహరాలో ఏరుకున్నదట, ఇన్నేళ్లూ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాడట. ఊరెళ్లేటప్పుడు తీసుకెళతాడట. పెద్దసారు ఉదారంగా ఒప్పుకున్నారు. ఆ ఉదారతను మేం ఆరుగురం ఆ సాయంత్రం వేరువేరుగా మెచ్చుకున్నాం.

పది రోజుల తర్వాత ఆదివారం డ్రమ్ము విప్పే వేడుక. భార్యలు పట్టుచీరల్లో వచ్చారు. పకోడీలు వేయించారు. పక్క విభాగం అధిపతిని కూడా పిలిచారు, మనకున్న కళాదృష్టి ఆయనకెలాగూ లేదు, కనీసం చూస్తాడని. పెద్దసారు స్వయంగా మూత తీసి, రాళ్లు కడిగి, తెల్ల తువ్వాలు మీద పరిచారు.

ఒక్కటీ మెరవలేదు. తడి ఆరేకొద్దీ ప్రతి రాయి మీదా సన్నటి గీతలు తేలాయి, పిల్లి గోళ్లతో గీరినట్టు. పక్క విభాగం అధిపతి ఒక రాయి తీసి అటూ ఇటూ తిప్పి, పకోడీలు బాగున్నాయన్నాడు.

నాకు చెంచా గుర్తొచ్చింది. ఏడుసార్లు ముతక బస్తాలోంచి మెరుగు డబ్బాలోకి వెళ్లిన చెంచా. నేను నోరు విప్పేలోపల పెద్దసారు మేస్త్రి రాయి చేతిలోకి తీసుకున్నారు. దానికి ఒక అంచున కందిగింజంత గుంట ఉంది.

“చూశారా? ముతక ఇందులో దాక్కుని వచ్చింది. సరిగ్గా కడక్కుండా వేశాడు.”

అందరి ముఖాలూ ఒక్కసారి తేటపడ్డాయి. కారణం దొరికింది, పైగా అది మాలో ఎవరూ కాదు. ఒకాయన తనకు మొదట్నుంచీ అనుమానమేనన్నాడు. ఇంకొకాయన బయటివాళ్లను రానిస్తే ఇంతేనన్నాడు. పెద్దసారు కమిటీ మినిట్సు పుస్తకంలో రాసుకోమన్నారు. ఆయన చెప్పారు, నేను రాశాను. ఫలానా ఫిట్టరు తన రాయిని శుభ్రం చేయకుండా వేసినందువల్ల సభ్యులందరి రాళ్లూ పాడైనవి. అతని పేరు, టోకెను నంబరుతో సహా.

మేస్త్రి వరండా మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. అతనికి అన్నీ వినబడ్డాయి. పెద్దసారుతో కాదు, నాతోనే అన్నాడు.

“నాను బ్రష్షెట్టి కడిగినాను బాబూ.”

నేను పుస్తకంలోంచి తలెత్తలేదు. ఆ ఏడు నా పేరు ప్రమోషన్ల జాబితాకు వెళ్లాల్సి ఉంది, దాని మీద రిపోర్టు రాసేది పెద్దసారు. పిరికివాడికి కారణాలు వెతుక్కోవడం కష్టం కాదు. నాకు ఒక్కటే దొరికింది, అదే చాలింది.

సీసాలో మిగిలిన పొడిని పారెయ్యమని ఆజ్ఞ అయింది. మేస్త్రి మర్నాడు షాపులో దాన్ని అడిగాడు. పారెయ్యమన్నదే కదా అని ధారాళంగా ఇచ్చేశాను.

రిటైరైన వారానికి, ఇంకో రెండు రోజుల్లో ఊరి బండి ఎక్కుతాడనగా, మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. జేబురుమాలు విప్పి రాయి చూపించాడు. ఎర్రచారా నల్లచారా తడిలేకుండానే తడిసినట్టున్నాయి. గుంటలో కూడా మెరుపుంది. నా ముఖం అందులో చిన్నగా కనబడింది, చూడబుద్ధి కాలేదు.

ఎలా చేశాడో చెప్పాడు. పొడిని నీళ్లలో కలిపి, పావుగంట ఆగి, పైన తేలే పచ్చనీళ్లు వంచుకున్నాడట. ముతక అడుగున దిగిపోయిందట. పై నీళ్లలో పొడి ఆరబెట్టి, పాత తోలు బెల్టు మీద వేసి చేత్తో రుద్దాడట, రోజూ ఒక గంట. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి, పప్పులో రాళ్లు గాలించినట్టేగా, ఇంతమంది ఇంజనీర్లకు తట్టలేదా అంది. నిజంగానే ఎవరికీ తట్టలేదు. మాకు తట్టేది కమిటీ.

తర్వాత చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. లోపల చిటికెడు నల్లటి ముతక రవ్వ.

“ఇది డ్రమ్ములోది కాదు బాబూ. డ్రమ్ములోకెల్లకుండా సీసాలో ఉండిపోయిన పొడిలోది. నా రాయి ఆ సీసా మొకమే సూడలేదు.”

నాకు ముందే తెలుసన్న సంగతి అతనికీ తెలుసని అప్పుడర్థమైంది. అయినా ఆ పొట్లం పెద్దసారు దగ్గరికి తీసుకెళ్లలేదు, షాపులో నలుగురి ముందూ విప్పలేదు. నా దగ్గరికే తెచ్చాడు, నా పరువు పోకుండా. నా మీద నాకు అంత అసహ్యం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

“నాకేటీ వద్దు. ఆ పుస్తకంలో నా పేరు మీద ఒక గీత కొట్టీండి. ఇరవయ్యారేళ్లు సేసినాను, ఆకర్న అదొక్కటి ఉండిపోకూడదు.”

తప్పకుండా కొట్టేస్తానన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే కొట్టేద్దామనుకున్నాను. అతను దండం పెట్టి వెళ్లాడు.

పుస్తకం ప్రతి సమావేశంలోనూ పెద్దసారు ముందుండేది, ఆయన పాత పేజీలు తిప్పి చూసే మనిషి. కొట్టివేత కనబడితే ఎందుకని అడుగుతారు. జాబితా వచ్చాక చేద్దామనుకున్నాను. జాబితా వచ్చింది, నా పేరుంది. ఎండలు ముదిరాయి, ఇళ్లలో ఆడవాళ్లు కూలరు మోటార్లు వెనక్కి లాక్కున్నారు, కమిటీ అంతటితో కరిగిపోయింది. అప్పటికి పెద్దసారు వేరే ప్లాంటుకు బదిలీ అయ్యారు. పుస్తకం నా దగ్గరే మిగిలింది. ఇక అడిగేవాడు లేడు. అప్పుడైనా కొట్టెయ్యొచ్చు. చూసేవాడే లేనప్పుడు కొడితే ఎంత, కొట్టకపోతే ఎంత అని వదిలేశాను.

ఆ వానాకాలం మేస్త్రి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. అక్షరాలు ఎవరిచేతో రాయించినవి, మాటలు మాత్రం అతనివే. పొలం పనులు బాగున్నాయట. రాయి దేవుడి గూట్లో పెట్టాడట. చివర ఒక్క ముక్క అడిగాడు, గీత కొట్టారా బాబూ అని.

కొట్టేశానని ఆ రోజే జవాబు రాశాను.