మూత చల్లబడేదాకా

కారు పనుల్లో పార్వతీదేవి చూసింది భర్త వీపు మాత్రమే. పదమూడేళ్ళు ప్రతి ఆదివారం ఉదయం వంటింటి కిటికీలోంచి ఆ వీపు కనిపించేది. ఎండ పడకముందే ఫణిభూషణ్ బానెట్ ఎత్తేవాడు. భుజం మీద పాత బనియన్ గుడ్డ ఉండేది. వంగేవాడు, ఏదో లాగి తుడిచేవాడు, మళ్ళీ వంగేవాడు. పది నిమిషాల తరువాత చేతులు కడుక్కుని కాఫీకి వచ్చేవాడు. ఏం చేశారని ఆమె అడగలేదు. పులుసులో ఏం వేశావని అతనూ ఎప్పుడూ అడగలేదు.

ఎనిమిది నెలల కిందట అతనికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కాలు కొంత తిరిగి వచ్చింది. కర్ర పట్టుకుని నడుస్తాడు. మాట మాత్రం ఒక్కటే తిరిగి వచ్చింది. సరే.

కాఫీ కావాలా అంటే సరే. వద్దా అన్నా సరే. నొప్పిగా ఉన్నా సరే, టీవీలో ఎవరో చనిపోయినా సరే. మొదట్లో అదే చాలనుకుంది ఆమె. తరువాత తరువాత ఆ మాట వింటే భయం వేసేది.

వారానికి రెండుసార్లు మేడ్చల్ నుంచి శామీర్‌పేట తీసుకువెళ్ళాలి. అక్కడ అశ్రిత అనే అమ్మాయి అతనికి మాట నేర్పుతుంది. కిందటి వారం ఆ అమ్మాయి పార్వతీదేవిని పక్కకు పిలిచింది.

"ఆంటీ, అంకుల్ సరే అన్నప్పుడు అది అవునో కాదో మీకు తెలుస్తుందా?"

తెలుస్తుంది అంది పార్వతీదేవి.

అబద్ధం. ఇరవై రెండేళ్ళు నాలుగో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. తెలియదు అనే మాట ఆమెకు సులువుగా రాదు. ఆ రోజు నుంచి అతను సరే అన్నప్పుడల్లా ముఖం వైపు చూస్తోంది. ముఖంలో కుడివైపు కదలదు. ఎడమవైపు కదులుతుంది కానీ దేనికి కదిలిందో అర్థం కాదు. ముప్పై ఏళ్ళు కలిసి ఉన్న మనిషి మనసులో అవునుందో కాదుందో తెలియకపోతే ఇంకేం తెలిసినట్టు? ఆ ప్రశ్న ఆమెను వదలలేదు.

అద్దె కార్ల వాళ్ళు అతను ఎక్కేదాకా ఆగరు, విసుక్కుంటారు. అందుకని యాభై రెండేళ్ళ వయసులో సుచిత్ర చౌరస్తాలోని స్కూల్లో డ్రైవింగ్ నేర్చుకుంది. లైసెన్స్ వచ్చింది. ఈ మంగళవారం మొదటిసారి తానే నడుపుతూ అతన్ని తీసుకువెళ్ళాలి. ఎనిమిది నెలలు కదలని బండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, చదునైన చోట పెట్టి ఆయిలూ కూలెంటూ చూసుకోమని నేర్పినాయన మరీమరీ చెప్పాడు. కూలెంటంటే ఇంజన్ వేడిని లాగే పచ్చటి నీళ్ళని కూడా ఆయనే చెప్పాడు.

పొద్దున ఆరున్నరకు గేటు ముందు బానెట్ ఎత్తింది. ఫణిభూషణ్‌ను కుర్చీలో పక్కనే కూర్చోబెట్టింది. లోపల ఏది ఏమిటో తెలియలేదు. పసుపు కొక్కెం ఉన్న పుల్ల ఒకటి కనిపిస్తే లాగింది. పుల్ల నిండా నూనె, పైదాకా పూసుకుని ఉంది. ఎంతవరకు ఉన్నట్టో తెలియలేదు. అప్పుడు బనియన్ గుడ్డ గుర్తుకు వచ్చింది. తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి, లాగింది. ఈసారి నూనె రెండు గుంటల మధ్య ఆగింది. ఆ గుడ్డ ఎందుకో పదమూడేళ్ళకు తెలిసింది.

పుల్లను భర్తకు చూపించింది.

"సరే," అన్నాడు.

పరీక్షగా ఉంటుందని, శుభ్రంగా తుడిచిన వట్టి పుల్లను చూపించింది. సరే అన్నాడు.

కూలెంట్ దగ్గర ఇంకా తికమక అయింది. తెల్లటి ప్లాస్టిక్ సీసాలు రెండున్నాయి. రెండింటి మూతల మీదా బొమ్మలు అరిగిపోయాయి. రెండూ అడుగంటాయి. ఒక సీసాకు పక్కన గీతలున్నాయి, దుమ్ములో సరిగ్గా కనబడలేదు. కొత్తగా కొన్న డబ్బా మూత తీసి, కుడివైపు సీసా మీద వంచి, ఇదేనా అని అడిగింది. సరే అన్నాడు. అంటూనే ఎడమ చేత్తో కుర్చీ చేతి మీద గట్టిగా చరిచాడు. ఆకలి వేస్తోందేమో అనుకుంది. పచ్చటి నీళ్ళు లీటరూ అందులో పోసేసి, బానెట్ దించి, ఇడ్లీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

తొమ్మిదింటికి బయలుదేరారు. ఔటర్ రింగు రోడ్డు వంతెన దాటాక కంకర లారీ ఒకటి ముందు పడింది. అద్దమంతా దుమ్ము. నీళ్ళు చిమ్మే మీట లాగింది. అద్దం మీద ఆకుపచ్చ నీళ్ళు పడ్డాయి. వైపర్ రెండుసార్లు తిరిగేసరికి అద్దమంతా పచ్చటి జిగురు అలుముకుంది. పక్క సీట్లో ఫణిభూషణ్ భుజం అదరడం మొదలుపెట్టింది. గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. నవ్వో ఏడుపో తెలియలేదు. ఏమైందండీ అంది. సరే అన్నాడు.

ఆ పచ్చదనం ఎక్కడిదో ఆలోచిస్తుండగానే ముందరి గడియారాల్లో ఒక ముల్లు పైకి పాకుతూ కనిపించింది. ఇంజన్ వేడి చూపేది, ఎప్పుడూ మధ్యలో ఉండాలని నేర్పినాయన చెప్పిన ముల్లు. అది ఎర్రగీత తాకింది. బానెట్ అంచుల నుంచి సన్నగా ఆవిరి వచ్చింది. ఆమె బండిని ప్లాట్ల బోర్డు పక్కన ఆపి, ఇంజన్ కట్టేసింది.

చున్నీ చేతికి చుట్టుకుని బానెట్ ఎత్తింది. లోపలి నుంచి వేడి ముఖానికి కొట్టింది. ఎక్కడో బుసబుసమంటోంది. ఎత్తిన బానెట్ ఆమెకూ భర్తకూ మధ్య గోడలా నిలబడింది, అడుగున చెయ్యి కనబడేంత సందు తప్ప.

బైకు మీద పోతున్న ఒకతను ఆగాడు. ఫ్యాక్టరీ చొక్కా, నలభై అయిదేళ్ళుంటాయి. పేరు వీరయ్య అనీ, ఊరు గౌడవెల్లి అనీ, రాత్రి డ్యూటీ దిగి పోతున్నాననీ అడగకుండానే చెప్పాడు. లోపలికి తొంగి చూశాడు.

"గరమైందమ్మా, అంతే. గా రేడియేటర్ మూత తియ్యిన్రి, సల్లనీళ్ళు పోస్తె ఊకుంటది. మా ట్రాక్టర్‌కు గట్లనే జేస్తం."

అప్పుడే తన సీసాలోని నీళ్ళు కూడా తెచ్చి ఇచ్చాడు. ఆమెకూ అదే సబబనిపించింది. వేడెక్కిన దాని మీద చల్లటి నీళ్ళు పోస్తారు కదా. అయినా బానెట్ పక్కనుంచి భర్తను అడిగింది.

"మూత తీస్తున్నానండీ. తీయనా?"

"సరే," అని వినిపించింది. "సరే, సరే, సరే."

ఆమె చున్నీ చుట్టిన చెయ్యి మూత వైపు చాచింది. హారన్ మోగింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. హారన్ ఆగింది. మళ్ళీ చాచింది. మళ్ళీ మోగింది, ఈసారి ఆగకుండా.

వీరయ్య తల గోక్కున్నాడు.

"సారు నోటితోని సరే అంటుండు, చేత్తోని హారన్ కొడ్తుండు. ఏది ఇనాలె గిప్పుడు?"

ఆమెకు తెలియలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఫణిభూషణ్ ఎడమ చేతిని సాగదీసి, ఒళ్ళంతా వంగి, స్టీరింగ్ మీద పడి ఉన్నాడు. నుదుట చెమట. ఆమె కనిపించగానే హారన్ వదిలేసి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కిటికీలోంచి లోపలికి లాగి, ఆమె వేళ్ళను తన కుడి ముంజేతి మీద పెట్టాడు. కదలని ఆ చేతి మీద, మణికట్టు నుంచి మోచేతి దాకా, పాలిపోయిన మచ్చ ఉంది. చర్మం నున్నగా, ముడతలు లేకుండా ఉంటుంది అక్కడ.

ఆ మచ్చకు పన్నెండేళ్ళు. అతను పనిచేసేది మందుల ఫ్యాక్టరీలో, బాయిలర్ల దగ్గర. ఒక సాయంత్రం చేతికి కట్టుతో ఇంటికి వచ్చి, ప్లాంటులో ఆవిరి తగిలిందన్నాడు. ఆమె నమ్మింది. నమ్మకపోవడానికి కారణం లేదు. కారు కొన్న మరుసటి ఏడాది అది.

ఇప్పుడు ఏం చెబుతున్నాడు? ఆవిరి ఇలా కాలుస్తుంది, జాగ్రత్త అనా? లేక, ఇది కాలింది ఆ మూత దగ్గరే అనా? ఆమె అతని కళ్ళలోకి చూసింది. వేళ్ళను ఆ మచ్చ మీద ఇంకా గట్టిగా నొక్కాడు.

"సరే," అన్నాడు. కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఆమె తిరిగి వచ్చింది కానీ మూత జోలికి వెళ్ళలేదు. వద్దంటున్నారు బాబూ అని వీరయ్యతో చెప్పింది. చెప్పాక, ఆ మాట తన నోటి నుంచి ఎంత నమ్మకంగా వచ్చిందో విని ఆశ్చర్యపోయింది. వీరయ్య వాదించలేదు. ఆయనను బయటికి తీసుకువద్దామన్నాడు. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని అతన్ని బానెట్ ముందుకు నడిపించారు.

ఫణిభూషణ్ కర్ర ఎత్తి కుడివైపు సీసాను తట్టాడు. నిండా పచ్చటి నీళ్ళు. తరువాత రెండో సీసాను తట్టాడు. అది ఖాళీ. పార్వతీదేవి రెండింటినీ చూసింది, అద్దాన్ని చూసింది. అద్దం కడిగే నీళ్ళ సీసాలో తాను కూలెంట్ పోసింది. పొద్దున అతను కుర్చీ చేతి మీద చరిచింది ఆకలితో కాదు.

అతను రేడియేటర్‌కు వెళ్ళే లావు గొట్టం దగ్గరగా ఎడమ చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు. అయిదు నిమిషాలయ్యాక మళ్ళీ పెట్టాడు, తీసేశాడు. ఆమె ఏమీ అడగలేదు. అడిగితే సరే అంటాడు. ఆ చేతినే చూస్తూ నిలబడింది.

పది గంటలయింది. అశ్రితకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పింది. వీరయ్య వెళ్ళలేదు. బైకు మీద పక్కకు కూర్చుని, నిద్ర కళ్ళతో కబుర్లు మొదలుపెట్టాడు.

"మా ఇంట్ల గూడ గిట్లనేనమ్మా. మా ఆమె సరే అన్నదంటె, గా పని జెయ్యొద్దని లెక్క. ఇరవై ఏండ్లయింది నేర్చుకోనికె."

ఫణిభూషణ్ భుజం అదిరింది. కారులో వచ్చిన చప్పుడే గొంతులోంచి మళ్ళీ వచ్చింది. నవ్వే అనుకుంది ఆమె. పూర్తిగా నమ్మకం కుదరలేదు.

ముప్పావుగంట దాటాక అతను చెయ్యి పెట్టి, తీయలేదు. గొట్టాన్ని పట్టుకుని అలాగే ఉన్నాడు. ఆమె పది లెక్కపెట్టింది. ఇరవై లెక్కపెట్టింది. చెయ్యి అక్కడే ఉంది. కారులో ఉన్న బనియన్ గుడ్డను నాలుగు మడతలు వేసి మూత మీద పెట్టింది. ముఖం పక్కకు పెట్టి, మూతను కొద్దిగా తిప్పి ఆగింది. సన్నగా ఊపిరి విడిచినట్టు చప్పుడై ఆగిపోయింది. అప్పుడు పూర్తిగా తీసింది. నీళ్ళు కొద్దికొద్దిగా పోసింది. ఎక్కడ ఆపాలో అతని కర్ర చెప్పింది. గీతలున్న రెండో సీసాలో కూడా పైగీత దాటకుండా పోసింది. మెకానిక్ దగ్గరికి చేరేదాకా చాలన్నాడు వీరయ్య, తరువాత ఈ నీళ్ళు తీయించి కూలెంటే పోయించమన్నాడు. ఇగ పోతనమ్మా అని బండి తిప్పుకున్నాడు.

ముల్లు మీద ఒక కన్ను ఉంచి మెల్లగా నడిపింది. మధ్యలో నిలబడింది ముల్లు. ఒక చోట, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, అడిగింది.

"చెయ్యి కాలింది ప్లాంటులోనా, ఈ కారు దగ్గరా?"

"సరే," అన్నాడు. కిటికీ వైపు తిరిగాడు.

శామీర్‌పేట చేరేసరికి పదకొండున్నర. అశ్రిత పచ్చ చారల అద్దాన్ని చూసి ఏమైందని అడిగింది. పార్వతీదేవి జరిగింది చెప్పలేదు. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ అమ్మాయి దగ్గరికి వచ్చి నిలబడింది.

"మొన్న నువ్వు అడిగావు కదమ్మా, ఆయన సరే అంటే తెలుస్తుందా అని. నాకు తెలియదు."

భర్త ఎడమ చేతి వైపు చూసింది.

"చెయ్యి చూస్తే ఒక్కోసారి తెలుస్తుంది. అన్నీ కాదు."