రాగం తప్పని ఉగ్గాని

ఒక సంఘమంతా లేచి నిలబడి, భక్తితో, రాగయుక్తంగా ఉగ్గాని బజ్జీ ఆర్డరివ్వడం ఎక్కడైనా విన్నారా? మా చర్చిలో జరిగింది. జరిపించిన ఘనుణ్ణి నేనే. నవ్వుకోండి, కాదనను. చివరిదాకా చదివి నవ్వుకోండి.

అప్పటికి నేను కర్నూలులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరి ఏడాది. కోడుమూరు పక్కన మా పల్లె చర్చికి, తెర మీద పాటలు చూపించే ప్రోగ్రామ్ రాసిచ్చాను. పాటల ఫైలు బయట ఉంటే ఎవరో ఒకరు చెరిపేస్తారని, ప్రోగ్రామ్ వాడుకునే లైబ్రరీలోనే, అంటే ముందే కట్టిపెట్టిన కోడు మూటలోనే, దాన్ని ఇమిడ్చేశాను. ఓళిగలో పూర్ణం అనుకోండి. ఒకసారి కాల్చాక, బయట గిన్నెలో ఎంత బెల్లం కలిపినా లోపల తీపి పెరగదు. మళ్ళీ చేయాల్సిందే. ఈ సంగతి నాకు అప్పుడూ తెలుసు, అదే నా బాధ.

రత్నమ్మ పెద్దమ్మ ఒక నోటుబుక్కు తెచ్చింది. ఏడాది కిందట పోయిన ఆమె భర్త, ఏసోబు పెదనాయన, రాసిన పాట అందులో ఉంది. ఆమెకు చదువు రాదు, పాట నోటికొచ్చు. దాని రాగం తెలిసింది ఇంక ఆమె ఒక్కదానికే.

"ఆయన జ్ఞాపకార్థ కూటంలో అందరూ ఒక్కసారి పాడితే సాలప్పా. లేకుంటే నాతోనే పోతాది ఈ పాట."

"పోనిస్తానా పెద్దమ్మా? కంప్యూటర్లో ఎక్కినాక దానికి సావే లేదు!"

నోరు చూశారా నాది!

అక్షరాలు తెర మీద ఎలా కుదురుతాయో చూద్దామని, ఆ పాట పేరు కింద ఆకలికి తోచింది కొట్టాను: "రెండు ప్లేట్లు ఉగ్గాని, నాలుగు బజ్జీలు, కారం ఎక్కువ." లైబ్రరీ తయారుచేసి చూస్తే ముచ్చటగా కుదిరింది. మర్నాడు ఫైల్లో అది తీసేసి అసలు పాట టైపు చేశాను. లైబ్రరీని మాత్రం మళ్ళీ తయారుచేయలేదు.

సంఘపెద్ద దేవదానం మామ అడగనే అడిగాడు. "ఒకసారి తెర మీద ఏసి సూపీప్పా."

"ఎందుకు మామా? ఇదో ఫైలు, సూడు. అక్షరం పోలేదు."

"ఫైలు కాదప్పా, తెర."

"రెండూ ఒకటే మామా!"

కూటానికి రాయచోటి నుంచి పెద్దమ్మ ఆడబిడ్డలు కూడా వచ్చారు. మా చర్చిలో కొత్త పాటైతే ఒకరు ఒక వరుస పాడతారు, మిగతావాళ్ళు అందుకుంటారు. పెద్దమ్మ కొంగు సర్దుకుని మొదటి వరుస పాడింది. సంఘం తెర చూసి అందుకుంది.

"రెండు ప్లే...ట్లు ఉగ్గా...ని, నాలుగు బజ్జీ...లూ..."

రాగం ఎక్కడా తప్పలేదండీ! కారం దగ్గరికొచ్చేసరికి ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఆగలేదు. పాస్టరుగారు బైబిలు వెనక ముఖం దాచుకున్నారు.

పెద్దమ్మకు తెర మీదిది చదవను రాదు. "నేనేం తప్పు పాడితినప్పా?" అని నావైపు చూసి, మెల్లగా కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

మామ నా చెవిలో అన్నాడు: "కారం ఎక్కువైందప్పా."

మర్నాడే లైబ్రరీ సరిచేసి ఆమె ఇంటికి పోయాను. "తప్పయిపోయింది పెద్దమ్మా. ఈ ఆదివారం పాడు."

"ఆయనకు ఉగ్గాని అంటే శానా ఇష్టం. యాడున్నా నవ్వింటాడులే," అని నన్నే ఓదార్చింది. "ఇప్పుడు గొంతు రాదప్పా. మళ్ళా సూద్దాం."

ఆ 'మళ్ళా' రాలేదు. వానలకు ముందే ఆమె పోయింది. జేబులో ఫోను పెట్టుకుని, ఆ గొంతు రికార్డు చేసుకోవాలని ఒక్కనాడూ తోచని మూర్ఖుణ్ణి నేను.

పాట లైబ్రరీలో భద్రంగా ఉంది. రాగంలో మాత్రం మా ఊరికి మొదటి వరుసే మిగిలింది. దాన్ని ఎవరు ఎత్తుకున్నా నోటికి వచ్చేది ఉగ్గానే.

కాబట్టి సంఘం ఎదుట ప్రమాణం చేస్తున్నాను: తెర మీద చూడనిదే ఏ ఫైలునూ నమ్మను, కడుపు నిండనిదే కీబోర్డు ముట్టను, పాడతానని వచ్చినవాళ్ళను పాడించకుండా పంపను.